అచ్చులో పూడిన మూల

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లి మాత్రం కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. కూతురు తుమ్మితే జ్వరమంటుంది. బడి నుంచి పావుగంట ఆలస్యమైతే అంబులెన్సు మోత వినిపిస్తుంది. అలాంటిది, పదమూడేళ్ళ పిల్ల ఎగుడుదిగుడు పళ్ళకు క్లిప్పులు వేయించాలంటే ఇంకేమైనా ఉందా?

"ఉన్నవి కాస్తా ఊడిపోతే?" అని నెల్లాళ్ళుగా ఒకటే పాట. కానీ నవ్వొచ్చినప్పుడల్లా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూడలేక, చివరికి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. కిందటి వారం నోట్లో మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసుకున్నారు. ఈ రోజు క్లిప్పులు అతకాలి. సరేనని చెప్పాల్సింది తల్లే. వద్దని చెప్పి లేచిపోదామనే ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

డాక్టరమ్మ ఒక చిన్న అట్టపెట్టె తెరిచింది. లోపల తెల్లటి పళ్ళ వరుసలు రెండు.

"అమ్మో, ఎవరివండీ ఇవి?"

"మీ పాపవే. సుద్దతో పోసిన అచ్చు. ఏ పన్ను ఎటు తిరగాలో, ఏ క్లిప్పు ఎక్కడ కూర్చోవాలో ముందు దీని మీదే చూసుకుంటాం."

"కరవదులే అమ్మా, పట్టుకో," అంది కూతురు.

తల్లి రెండు వేళ్ళతో పట్టుకుంది. తిప్పి వెనక నుంచి చూసింది. కని పెంచిన పిల్ల నోటిని నాలుక వైపు నుంచి చూడటం ఆమెకిదే మొదటిసారి. ఒక పన్ను, బస్సులో చోటు దొరకనివాడిలా, పక్కవాళ్ళ భుజాల వెనక ఇరుక్కుని నిలబడి ఉంది. భయం ఎటు పోయిందో, కుర్చీ ముందుకు జరిగింది.

"ఈ పెన్సిలు గీతలేంటండీ?"

"పంటి అంచు నుంచి కొలిచి గీస్తాం. గీత మీద క్లిప్పు, క్లిప్పులో తీగ. తీగ లాగిన వైపుకి పన్ను నడుస్తుంది."

"నడుస్తుందా! ఎముకలో పాతుకున్నది?"

"మెల్లగా. నెలకి గోటి మందమో, ఇంకాస్తో."

ఆ వింతకు తల ఊపుతూ ముందుపళ్ళను తడిమిన తల్లి బొటనవేలు చటుక్కున ఆగింది.

"ఇది మా పిల్లది కాదు."

"మొదలెట్టింది," అని కూతురు నెత్తి కొట్టుకుంది.

"ఎడమ ముందుపన్ను మూల విరిగుండాలండీ. ఎనిమిదో ఏట మెట్లు దిగుతోంది. 'జాగ్రత్త, పడతావ్' అని పైనుంచి నేనే అరిచాను. నన్ను చూడబోయి పడింది." ఆమె గొంతు తగ్గింది. "ఐదేళ్ళుగా రోజూ చూస్తున్న మూల. నాకు తెలీదా?"

డాక్టరమ్మ పిల్ల నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది. మూల విరిగే ఉంది. అచ్చులో నిండుగా ఉంది. పిలిస్తే, లోపలి గది నుంచి అచ్చులు పోసే ఆయన సుద్ద అంటిన చేతులతో వచ్చి చూసి నాలిక కరుచుకున్నాడు.

"బుడగ అనుకున్నానండీ. సుద్దలో గాలి చిక్కితే ఇలాగే గుంట పడుతుంది. పూడ్చి నున్నగా గీకేశాను."

"కాస్త ఎక్కువే పూడ్చావు," అంది డాక్టరమ్మ కొలిచి చూసి. "నేను ఆ దొంగ అంచు నుంచే గీత గీశాను. అలాగే అతికితే ఈ పన్ను పక్కదాని కంటే పైకెక్కి కూర్చునేది. తప్పు మాదేనండీ. కొలత మళ్ళీ తీసి, కొత్త అచ్చు పోస్తాం."

వద్దనడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కూతురికీ అది అర్థమైంది. చెయ్యి మెల్లగా నోటికి అడ్డం వెళ్ళింది.

తల్లి ఆ చేతిని చూసింది, ఒళ్ళో ఉన్న అచ్చును చూసింది.

"అయితే జరిగే తప్పులన్నీ ముందు ఈ సుద్దపళ్ళకే జరుగుతాయన్నమాట?"

"అందుకే పోస్తామండీ."

"పోయండి మరి. పూడ్చకుండా."

వారం తిరిగాక, కూర్చోకముందే కొత్త అచ్చు అడిగి తీసుకుంది. బొటనవేలితో తడిమింది. విరిగిన మూల చర్మానికి గరుకుగా తగిలింది. గీతలు మూడుసార్లు కొలిపించింది.

"పెట్టండి," అంది.

"ఉన్నవి కాస్తా ఊడిపోతే?" అని కూతురు తల్లి గొంతును అచ్చంగా దింపేసింది.

"నోర్ముయ్యవే!" అన్న తల్లి, డాక్టరమ్మ అద్దం పట్టుకుని నిలబడి ఉండటం చూసి తడబడింది. "ముయ్యకు, ముయ్యకు, బాగా తెరువు."

పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.