నా కాళ్ళ కింది వామి

"ఈసారి వామి కాస్త చిన్నదే అన్నా," అన్నాడు డెయిరీ ఆయన, గడ్డివామి చుట్టూ రెండోసారి అడుగులేసి కొలుస్తూ.

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన నవ్వి, "ఏటా నీది ఇదే పాట. తోచింది ఇవ్వు, మనలో మనకి బేరమేంటి," అన్నాడు. డెయిరీ ఆయనకు ఎనభై పశువులు. మాకు పంట. కోత అయ్యాక మిగిలిన గడ్డి పన్నెండేళ్ళుగా ఆయనకే అమ్ముతున్నాం. తూకం ఉండదు. వామి చుట్టూ అడుగులతో కొలిచి, మెడ ఎత్తి ఎత్తు చూసుకుని ఆయనొక అంకె చెప్తాడు, మా ఆయన చెయ్యి కలుపుతాడు. ఆ రోజు చెప్పిన అంకె వినేసరికి నాకు ఉసూరుమంది. నా మోకాలి వైద్యానికి డాక్టరు అడిగిన దాంట్లో సగం కూడా లేదు.

"నాలుగో రోజు లారీ పంపిస్తా వదినా. మా కూలీలు మీ చేతి భోజనం కోసం ఇప్పట్నుంచే లొట్టలేస్తున్నారు," అన్నాడు గ్లాసు అందుకుంటూ. నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఆ బేరంలో భాగమే.

నా ఎడమ మోకాలు అరిగిపోయింది. ఎలా అరిగిందని డాక్టరు అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. మెట్లెక్కే ఉద్యోగమా, బరువులు మోస్తారా అని ఆయన అడుగుతుంటే, "ఇంట్లోనే ఉంటుందండీ," అని మా ఆయన నా తరఫున జవాబు చెప్పాడు. ఇంట్లోనే ఉండే నేను ఏటా కోత కాగానే ఆ గడ్డంతా పోగుచేస్తాను, ఎండలో తిరగేస్తాను, మోపులు కట్టి దొడ్లోకి చేరుస్తాను. ఆ తర్వాత అయిదారు రోజులు వామి మీదే నా కాపరం. కింది నుంచి కూలిమనిషి గడ్డి విసురుతుంటే నేను పైన గుండ్రంగా తిరుగుతూ తొక్కుతాను. ఒక పొర తొక్కి, మరో పొర పరిచి, మళ్ళీ తొక్కి. కూలిమనిషికి సాయంత్రం కూలి ఇస్తారు. నాకు అత్తయ్య మాట దొరుకుతుంది. "తొక్కడం కూడా ఒక పనేనా, పైన చల్లగా గాలి తగుల్తుంది కదా," అంటుంది. అలా అని చెడ్డ మనిషేం కాదు. నా ముందు ఆ వామి తొక్కింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ రెండు మోకాళ్ళూ వంగవు, కుర్చీలోంచి లేవాలంటే నా భుజం కావాలి. ఆ మోకాళ్ళకీ వామికీ ఉన్న లంకె ఆవిడకెప్పుడూ తట్టలేదు. నాకు కూడా డాక్టరు అడిగేదాకా తట్టలేదు.

నా చేతి వామి అంటే చుట్టుపక్కల పేరుంది. ఎంత వాన కొట్టినా లోపలికి చుక్క దిగదు, ఒక్క పరక కుళ్ళదు. ఆ పొగడ్తలకి నేను పొంగిపోయేదాన్ని, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఇక డబ్బు సంగతంటారా, "గడ్డి డబ్బులు నీవే," అని మా ఆయన ఏటా అంటాడు. ఒక ఏడు అవి బోరు మోటారుకి పోయాయి. ఒక ఏడు ఆడపడుచు ఇంటి గృహప్రవేశానికి. ఈ ఏడు మాత్రం మోకాలికే అని డాక్టరు ముందు ఒప్పుకున్నాడు కాబట్టి, ఆ అంకె పెరగాలని నేను మొదటిసారి గట్టిగా కోరుకున్నాను.

మర్నాడు పాలక్యాను తిరిగివ్వడానికి డెయిరీకి వెళ్ళాను. డెయిరీ ఆయన భార్య షెడ్డులో ఒక్కతే పశువులకి గడ్డి వేస్తోంది. మోచేతుల దాకా గడ్డి గీరుకుపోయిన ఎర్రటి చారలు. నేనూ రెండు చేతులా గడ్డి అందుకుని సాయం పట్టాను.

"మీ గడ్డి లారీలు వస్తున్నాయంటే నాకు భయం అక్కా," అంది. "మిగతావాళ్ళ వామి ఒక్క లారీలో వచ్చేస్తుంది. మీది రెండు లారీలు పోయినా ఇంకా మిగుల్తుంది. విప్పేకొద్దీ పొంగుతుంది. దించుకోలేక నా నడుం పడిపోతుంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. "వెనక వీధి ఆయన వామి మాదానికంటే పెద్దది కదా," అన్నాను.

"చూడ్డానికే అక్కా. అదంతా డొల్ల. ఎవరూ తొక్కలేదు. మా ఆయన ఆ డొల్లకి ఎక్కువ ఇచ్చి, మీ దగ్గర తక్కువకి కొని రెండూ సరిపెట్టుకుంటాడు," అంది, దాచాల్సిన సంగతని తోచనట్టుగా.

ఇంటికి నడుస్తుంటే మోకాలి నొప్పి కూడా తెలియలేదు. పన్నెండేళ్ళలో నేను కట్టిన వామిని విప్పుతుంటే నేనొక్కసారీ చూడలేదు. లారీ వచ్చిన రోజు నేను వంటింట్లో కూలీలకి వండుతుంటాను. చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి దొడ్లో ఖాళీ నేల ఉంటుంది, దాన్ని ఊడుస్తాను. నేనెంత గట్టిగా తొక్కితే వామి అంత చిన్నదవుతుంది, అంత చవకవుతుంది. బద్ధకంగా పైపైన పరిచి వదిలేసినవాడికి ఎక్కువ ధర. నా ఒళ్ళు అరగదీసుకుని నా ధర నేనే తగ్గించుకున్నాను. దారిలో ఆగి ఏడ్చాను. బాధకంటే ఎక్కువగా, నన్ను నేను మెచ్చుకున్న ఆ పన్నెండేళ్ళని తలుచుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. మండిపడతాడనుకున్నాను. లేచి డెయిరీ ఆయనకి ఫోన్ చేస్తాడనుకున్నాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలి, "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మనది బరువెక్కువని. నలుగురిలో అన్నా అంటూ చెయ్యి పట్టుకుని ముందు కూర్చోబెడతాడు. అలాంటివాడి దగ్గర తూకం, కాటా అంటే ఏం బాగుంటుంది? అయినా మనకేం ఖర్చయింది? గడ్డి ఊరికే వచ్చేదే, తొక్కింది ఇంటి మనిషే."

అత్తయ్య మజ్జిగ తాగుతూ తలూపింది. నేను కంచం తీసుకుని లేచాను. డెయిరీ ఆయన మోసం చేశాడంటే తట్టుకోగలిగాను. నా మోకాలు ఎవరి మర్యాదకి ఖర్చయిందో తెలిశాక ఆ ఇంట్లో ముద్ద దిగలేదు.

నాలుగో రోజు పొద్దున లారీ వచ్చింది. వెనకే మోటారు సైకిలు మీద డెయిరీ ఆయన. వామి మీద కప్పిన పట్టా తీయడం నా పనే కాబట్టి నిచ్చెన వేసుకుని ఎక్కాను. పట్టా కిందికి తోశాను. గడ్డి ఎత్తే పంగలకర్ర నాతోనే ఉంది. దిగలేదు.

"ఈసారి తూకానికే ఇస్తాం," అన్నాను పైనుంచి. "కాటా వేయించుకుని, దానికి తగ్గట్టు కట్టండి. అప్పుడు దిగుతాను."

డెయిరీ ఆయన మా ఆయన వైపు చూశాడు. "ఏంటన్నా ఇది, మాట అయిపోయింది కదా."

"నువ్వు దిగు ముందు," అన్నాడు మా ఆయన నాతో. నేను కదల్లేదు. కూలీల ముందు తల కొట్టేసినట్టయింది కాబోలు, నిచ్చెన తీసుకెళ్ళి గోడకి చేరేశాడు. "ఉండు అయితే, అక్కడే కాపరం పెట్టు," అన్నాడు. కూలీలు నవ్వారు.

మనిషిన్నర ఎత్తు. నిచ్చెన ఉన్నా ఆ మోకాలితో దిగడం కష్టం, లేకపోతే చెప్పేదేముంది. నాకు భయమేసింది. వాళ్ళ నవ్వు ఆగేదాకా కర్ర పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వంగి పై పొర ఎత్తి దొడ్లోకి విసిరాను. మరో పొర. నేను తొక్కిన గడ్డి కదా, పెళ్ళలు పెళ్ళలుగా లేచి, గాల్లో విచ్చుకుని, కింద పడేసరికి రెండింతలైంది. అప్పుడు అర్థమైంది ఎలా దిగాలో. ఒక్కో పొరా విసురుతూ, నేను కట్టిన దాన్ని నేనే విప్పుకుంటూ కిందికి వస్తున్నాను. దొడ్డి నిండింది. గడ్డి బావి గట్టు మీదికి పాకింది. కూలీలు వెనక్కి జరిగారు.

మా ఆయన నిచ్చెన పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆనించడానికి వామి లేదు.

నా కాలు నేలకి తగిలింది. లారీ వైపు, గడ్డి వైపు మార్చి మార్చి చూసి, అలవాటుగా మా ఆయన మొహం కూడా చూసి, చివరికి డెయిరీ ఆయన నా వైపు తిరిగాడు. "కాటా రుసుము ఎవరు పెట్టుకోవాలి వదినా?"

"చెరి సగం. కాటా దాకా నేనూ వస్తాను. డబ్బు అక్కడే నా చేతికివ్వండి."

కూలీలు గడ్డి ఎత్తుతున్నంతసేపూ మా ఆయన ఆ నిచ్చెన పక్కనే నిలబడ్డాడు. తిరిగి వచ్చాక ఈ ఇంట్లో ఏం వినాల్సి వస్తుందో నాకు తెలుసు. ఎన్నాళ్ళు వినాలో మాత్రం తెలియదు. మొదటి విడతకి లారీ నిండాక, డ్రైవరు పక్క తలుపు పట్టుకుని నొప్పి కాలిని చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకున్నాను.

"పొయ్యి ఇంకా వెలిగించలేదు," అంది అత్తయ్య వరండాలో కుర్చీలోంచి. "కూలీలకి అన్నం ఎవరు వండుతారే?"

"ఇవాళ నాకు పనుంది అత్తయ్యా," అన్నాను.