నారింజరంగు తల్లి, నల్లని కొడుకులు

"ఈ రెండూ వేరువేరు జాతులని పెద్దక్షరాలతో రాయి," అన్నాడు భర్త, ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే పెద్దమనిషి కదా, రేపటి సీతాకోకచిలుకల ప్రదర్శనంతా ఆయనగారిదే. అట్టల మీద పేర్లు రాయడం మాత్రం ఇరవయ్యేళ్ళుగా ఈమె పని.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "వేరు కాదండీ. నారింజరంగుది ఆడది, నల్లరెక్కల మీద తెల్లమచ్చలున్నది మగది. రెండూ జతకట్టడం నా కళ్ళతో చూశాను."

"నారింజరంగుది జిల్లేడు తినే జాతి. పుస్తకంలో బొమ్మ చూడు."

"అచ్చం దానిలా ఉంటుందంతే. జిల్లేడుదానికి వెనకరెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలు. దీనికి అంచున ఒక్కటే. ఇది గుడ్లు పెట్టింది కూడా మన కుండీలో గంగపాయల ఆకు మీద."

అతను పకపకా నవ్వాడు. "పురుగులకి మేత వేసి పండితురాలివైపోయావే!"

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "గిన్నెల మీద మూసే జాలీబుట్టలో పురుగుల్ని పెంచుతోంది మహాతల్లి! ఇంకేం చెప్పను?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏడు రోజులు! గుడ్డు చిట్లడం, ముళ్ళముళ్ళ నల్లపురుగు నాలుగుసార్లు కుబుసం విడవడం, తలకిందులుగా వేలాడి ప్యూపాగా మారడం, అన్నీ అంట్ల మధ్య, బట్టల మధ్య పరుగెత్తుకొచ్చి చూసి, తేదీలు వేసి రాసుకుంది. తనకి తెలిసినదాన్ని అబద్ధమని తన చేత్తోనే రాయాలా? చచ్చినా రాయననుకుంది. అట్ట ఖాళీగానే ఇచ్చేసింది. అతనే గొణుక్కుంటూ రాసుకున్నాడు.

మర్నాడు అతను వెళ్ళిన గంటకి బుట్టలో ప్యూపాలు విచ్చుకున్నాయి. అవి రెక్కలు ఆరబెట్టుకోవడం చూస్తూ ఆమె వంటింట్లోనే ఒక్క గంతు వేసింది. తర్వాత కింద పళ్ళెంతో సహా బుట్ట పట్టుకుని, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని కాలేజీకి నడిచింది. తిన్నగా భర్త రాసిన అట్ట ముందు బుట్ట దించింది. లోపల నారింజవి మూడు, నల్లవి రెండు.

"ఇవన్నీ ఒకే తల్లి పిల్లలండీ," అంది అందరికీ వినబడేలా.

ప్రిన్సిపాల్ గారు వంగి చూసింది. "ఎవరు పెంచారు?"

"మా ఆవిడేదో సరదాకి..." అన్నాడు భర్త.

"సరదాకి కాదండీ. నేనే పెంచాను, నేనే గుర్తుపట్టాను." ఆమె నోట్‌బుక్ ప్రిన్సిపాల్ చేతికిచ్చి, అట్ట వెనక్కి తిప్పి, ఉన్నదున్నట్టు రాసింది. కింద తన పేరు కూడా రాసింది. హాలంతా బుట్ట చుట్టూ మూగింది. ఆమె వాళ్ళకి మొదటి రోజు నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

భర్త ఆమె చెవి దగ్గరకొచ్చాడు. "చాల్లే, ఇంటికి పద. వంట కూడా అవ్వలేదు."

"మీరు వెళ్ళి కుక్కర్ పెట్టండి," అంది ఆమె, అతని వైపు తిరక్కుండానే. "నేనింకా గుడ్డు దగ్గరే ఉన్నాను."