కవచం బిగిస్తేనే ఫ్యూజు

“నా తమ్ముడి కాలు తీసింది ఇంజిన్ కాదు, మీరు!”

ఆమె అరిచిన అరుపుకి షెడ్డులో పానాలు తిప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. రేసు కార్ల యజమాని మాత్రం ఫోన్‌లోంచి తలెత్తలేదు. తలెత్తితే జవాబు చెప్పాలి కదా!

గాజు కిటికీ ఇవతల కూర్చుని, అవతలి గదిలో బిగించిన ఇంజిన్‌ని మీటతో పరుగెత్తించి దాని సత్తా కొలవడం ఆమె పని. ఇంజిన్ వెనక గిర్రున తిరిగే ఇనుప చక్రం ఉంటుంది, ఫ్లైవీల్. అది పగిలిందా, ముక్కలు తూటాల్లా దూసుకుపోతాయి. అందుకే దాని మీద మందపాటి ఉక్కు కవచం ఉంటుంది. ఉండాలి. వీడియో తీసేవాళ్ళకి ఇంజిన్ అందం కనబడట్లేదని యజమాని దాన్ని ఊడదీయించి మూలన పడేయించాడు.

మొన్న ఇంజిన్ పూర్తి వేగంలో ఉండగా, నూనె కారుతోందేమో చూడ్డానికి అక్కడే పనిచేసే తమ్ముడు లోపలికి దూరాడు. ఆమె మీట వెనక్కి లాగేలోపే చక్రం పగిలింది.

ఎందుకు దూరాడంటే, ఆ షెడ్డులో అదొక మగతనం! ఇంజిన్ పక్కన నిలబడి చెవితోనే దాని రోగం పసిగట్టినవాడు మొనగాడు. గాజు ఇవతల ఉన్నవాడు గాజుబొమ్మ. ఆ పేరు పెట్టింది పెద్ద మేస్త్రి. మొదట పెట్టింది ఆమెకే. అక్కని అన్నట్టు తనని ఎవడూ అనకూడదని తమ్ముడి పంతం. పంతం నెగ్గింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణి ఎవడంటాడు?

ఇప్పుడు అదే గదిలో ఇంకో ఇంజిన్. కవచం ఇంకా ఆ మూలనే ఉంది.

“అయిందేదో అయింది,” అన్నాడు యజమాని. “వాడు తనంతట తనే వెళ్ళాడు. జాగ్రత్త వాడికుండొద్దూ? ఇది కొత్త చక్రం, పగలదు.”

“మొన్నటిదీ పగలదనే అన్నారు.”

“ఊరుకో అమ్మాయ్,” అంటూ మేస్త్రి గదిలోకి నడిచాడు. “లోపల నేనుంటాగా. ఇంజిన్ల మధ్యే నెరిసింది ఈ తల.”

“నెరిసింది సరే బాబాయ్, మెడ మీద మిగలొద్దూ?”

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

మేస్త్రి ఇంజిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “కానియ్, స్టార్ట్ చెయ్!” అని యజమాని చెయ్యి ఊపి, ఎప్పటిలాగే కాంక్రీటు గోడ చాటుకి పోయాడు. అక్కణ్ణుంచి ఆయనకి అన్నీ కనబడతాయి. ఆయనకి మాత్రం ఏదీ తగలదు. రోజూ చూసేదే. ఇవాళ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. లేచి, ఇంజిన్‌కి పెట్రోలు అందించే పంపు ఫ్యూజు పీకి గుప్పిట్లో పెట్టుకుంది. అది లేందే ఇంజిన్ తిరగదు.

“ఆ గోడ చాటునుంచి ఇవతలికి రండి సార్.”

“ఎందుకు?”

“పగలదన్నారుగా. వెళ్ళి మేస్త్రి పక్కన నిలబడండి. ఫ్యూజు ఇప్పుడే పెడతా.”

“నాకక్కడ ఏం పని?”

“నా తమ్ముడికున్న పనే. నూనె కారుతోందేమో చూడండి.”

ఆయన కదల్లేదు. “నిన్ను పనిలోంచి పీకేస్తా!”

“పీకండి. రెండు కాళ్ళతో నడిచి పోతా. ఈ షెడ్డులో అది కూడా అదృష్టమే.”

గాజులోంచి మేస్త్రి ఆ గోడని చూశాడు. గోడ పక్కనుంచి తొంగిచూస్తున్న యజమాని తలని చూశాడు. తర్వాత తన పక్క గోడలో, మోకాలి ఎత్తున, మొన్నటి చక్రం ముక్క చేసిన గుంటని చూశాడు. చెయ్యి తీసేశాడు. బయటికొచ్చి, మూలకి పోయి కవచం పట్టుకున్నాడు. ఒక్కడికీ లేవలేదు.

“చూస్తారేంట్రా, పట్టండి! ఈ పిల్లని గాజుబొమ్మ అన్నాం. ఆయనగారు ఇన్నాళ్ళూ గోడబొమ్మలా నిలబడితే మనలో ఒక్కడన్నా నోరెత్తాడా?”

పానాలు కింద పడ్డాయి. చేతులు పడ్డాయి కవచం మీద.

“కెమెరావాళ్ళు దారిలో ఉన్నారు!” యజమాని గొంతు పీలగా వచ్చింది.

“రానివ్వండి. వీడియోలో కవచాన్నే చూపించండి,” అందామె. గుప్పిట విప్పలేదు. “అదొక్కటే చాలదు సార్. ఆ తలుపు తెరిస్తే ఇంజిన్ ఆగిపోయేలా స్విచ్ పెట్టించండి. ఇంజిన్ తిరిగేటప్పుడు లోపల ఈగ కూడా ఉండకూడదు. ఇక, వాడిది అజాగ్రత్త అన్నారే, ఆ మాట మింగండి. కవచం తీయించింది నేనేనని, ఆసుపత్రికొచ్చి, వాడి మొహం చూసి చెప్పండి. పదండి, ఇప్పుడే!”