గాలి తగలకూడని మట్టి

బస్సెక్కే ముందు కోడలు మామకు మూడే మాటలు చెప్పింది. సీసా ముట్టుకోవద్దు. సీసా వంచవద్దు. సీసా సంగతి ఎవరికీ చెప్పవద్దు. ఆయన మూడింటికీ తలూపాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. తలూపడం ఆయనకు గేరు మార్చినంత తేలిక.

ఆయనకు కంటి డాక్టరు దగ్గర పని. ఆమెకు అదే వీధిలో, పెద్ద యంత్రం ఉన్న కొలతల గదిలో, సరిగ్గా పదకొండింటికి పని. మట్టి పరీక్షల ఆఫీసులో సహాయకురాలు ఆమె. తెచ్చిన సీసా అరచేయంత. అందులో ఉన్నది మూడు నెలల కష్టం: నీలం తిరిగిన ఆకుపచ్చ మట్టి.

మొదట్లో అది తుప్పు పసుపు మట్టే. ఇనుముందని అందరూ ఒప్పుకున్నారు. ఎక్కడుందన్నదే తగాదా. రేణువుల మీద తుప్పు పూత, అంతకు మించి ఏమీ లేదన్నాడు ఆఫీసు పెద్ద. కాదు, మట్టి పొరల్లోనే కలిసిపోయిందంది ఆమె. పూత ఉంటే పోవాలని మందునీళ్ళతో మూడుసార్లు కడిగింది. పసుపు పోలేదు. అప్పుడు కాలవ అడుగు బురద చుక్క కలిపి, గాలి చొరకుండా మూత చుట్టూ మైనం పోసి, చీకట్లో పెట్టింది. బురదలోని సూక్ష్మజీవులు గాలి దొరక్క ఇనుము మీద పడ్డాయి. మట్టి ఆకుపచ్చకు తిరిగింది. గాలి తగిలితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఆకుపచ్చగా ఉండగా యంత్రంలో పెడితే ఇనుము ఎక్కడ కూర్చుందో తేలిపోతుంది. ఈ రోజు తప్పితే మళ్ళీ వంతు ఎనిమిది నెలలకు. అంతవరకు ఈ పిచ్చిపని సాగనివ్వనని పెద్ద ముందే చెప్పాడు.

బస్సులో సీసా పక్క సీటు మీద పెట్టి, టిక్కెట్టుకు చిల్లర కోసం సంచీలో తల దూర్చింది. తల ఎత్తేసరికి మామ మూత చుట్టూ ఉన్న మైనాన్ని గోటితో గిల్లేశాడు. మూత కూడా కదిలింది.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"లోపల దానికి ఉక్కపోస్తోందమ్మా. కాస్త గాలి తగలనిద్దామని."

"అది మట్టి."

"పురుగులున్నాయన్నావుగా. వాటికి ప్రాణం లేదా?"

ఆమె మూత నొక్కి పట్టుకుంది. మైనం లేని మూతా ఒకటే, జల్లెడా ఒకటే. మట్టి పైన తుప్పు పసుపు గీత పడింది. తర్వాతి స్టాపుకు గీత బద్దంత లావైంది.

"తలకు రాసుకునేదా అది?" ఎదురు సీటామె అడిగింది.

మామ లేచి నిలబడి మూడో మాట కూడా తప్పాడు. "మా కోడలు ఇనుమును పట్టి తెచ్చింది. పదకొండులోపు చూపించకపోతే వేషం మార్చేస్తుంది."

అంతే, బస్సు బస్సంతా సీసా మీద పడింది. ఇనుము ఎక్కడుందని ఒకడు. నూనె పోయమని ఒకడు. ఆమెకు ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. "మట్టి ఇల్లనుకోండి. ఇనుము అందులో అద్దెకున్నవాడు కాదు, గోడలో ఇటుక. అది చూపించాలి. గీత అడుక్కి దిగితే నేను అయిపోయినట్టే."

"ఒరేయ్," మామ డ్రైవరును కేకేశాడు, "నీకు స్టీరింగు పట్టడం నేర్పిందెవర్రా?"

"మీరే గురువుగారూ. బ్రేకు మాత్రం నేనే నేర్చుకున్నాను."

"అయితే దాని జోలికి పోకు."

వెనక సీట్లో ఒకావిడ కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది. "ఇందులో ఏడు కొవ్వొత్తులున్నాయి. మైనానికి ఒకటి తీసుకోమ్మా. మనవరాలికి ఆరేళ్ళేనని చెబుతాను."

"బస్సులో నిప్పు వెలిగిస్తే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు కండక్టరు. బస్సు ఆపించాడు. అందరూ పేవ్‌మెంటు మీదకు దిగి గాలికి అడ్డంగా గోడ కట్టినట్టు నిలబడ్డారు. పొగ తాగనని ఇంట్లో ఒట్టేసిన కండక్టరు జేబులోంచే లైటరు వచ్చింది. కోడలు మూత చుట్టూ మైనం చుక్క చుక్క వేసింది. నవ్వు ఆగలేదు. పాతికమంది ఊపిరి బిగబట్టి గీతను చూశారు. అది కాస్త దిగింది. ఇంకాస్త దిగింది. సీసాలో సగానికి ఆగింది.

ఒక టై కట్టినాయన మాత్రం టిక్కెట్టు వెనక ఫిర్యాదు రాసుకున్నాడు. అలాంటివాడు ప్రతి బస్సులోనూ ఉంటాడు.

డ్రైవరు రెండు స్టాపులు ఎగరేశాడు. "నా స్టాపు పోయింది," అన్నాడొకడు. "తిరిగొచ్చేటప్పుడు దింపుతాలే," అన్నాడు కండక్టరు. కొలతల గది ముందు, స్టాపే లేని చోట, బస్సు ఆగింది. ఆమె మెట్లు రెండేసి ఎక్కింది. వెనక మామ, ఆయన వెనక కేకావిడ.

యంత్రం నడిపే మనిషి తలుపు వేయబోతున్నాడు. గడియారం వైపు చూశాడు. రెండు నిమిషాలుంది. అది ఆయనకు నచ్చినట్టు లేదు.

"సగం పోయింది," అంది ఆమె. "మిగిలిన సగం పనికొస్తుందా?"

ఆయన సీసా ఎత్తి చూశాడు. "నాకు గోరంత చాలు. ఇంత ఎందుకు మోసుకొచ్చారు?"

ఆమె నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. ఆయన నవ్వలేదు. సీసాను గాలి లేని గాజుపెట్టెలో పెట్టి, పెట్టెకున్న తొడుగుల్లో చేతులు దూర్చి మూత తీశాడు. అడుగు నుంచి గోరంత ఆకుపచ్చ తీశాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు. ఇనుము పొరల్లోనే ఉందన్నాడు. పూత జాడ కూడా లేదన్నాడు. పెట్టేశాడు.

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. మామ కంటి డాక్టరిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని టీ వడగడుతున్నాడు, సగం కప్పులో, సగం గట్టు మీద.

"గెలిచాం మావయ్యా."

"అయితే గాలి తగిలించడం తప్పు కాదన్నమాట."

"తప్పే. మీకు వందేళ్ళొచ్చినా తప్పేనంటాను."

"వందేళ్ళూ అంటావా?"

అంటానంది. ఆ పూటే మొదలుపెట్టింది.