కుట్టులో దాచిన గుడ్డ

ఉచితం అన్న మాట వింటే టైలరుకి ఒళ్లు మండేది. అతని భార్య బతికినన్నాళ్లూ వీధికంతటికీ ఉచితంగానే పనికొచ్చింది. "అక్కా, ఈ ఒక్కటీ కత్తిరించి పెట్టవా" అంటూ కొట్టు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్లు. కొట్టు పైన, మూడో అంతస్తులో, ఆమె మంచం పట్టింది. అప్పుడు ఒక్కరూ మెట్లెక్కలేదు. ఆ లెక్క అతను మరిచిపోలేదు.

కుట్టేది అతను, కత్తిరించేది ఆమె. తిన్నని ఒంటికి ఎవరైనా కత్తిరిస్తారు. ఆమె పనితనమంతా తిన్నగా లేని ఒళ్ల దగ్గరే. ఒక భుజం జారినవాళ్లు, గూని ఉన్నవాళ్లు, ఆపరేషన్లో రొమ్ము పోయినవాళ్లు. ఒక్కో ఒంటి కొలతకి ఒక్కో అట్ట కోసి, మూల చిల్లు పొడిచి తీగకి గుచ్చేది. ఆమె పోయాక ఆ అట్టలన్నీ రేకు పెట్టెలో పడేసి తాళం వేశాడు. అలాంటివాళ్లెవరైనా వస్తే, "ఆ పని ఆమెతోనే పోయింది" అని గుమ్మంలోంచే పంపేసేవాడు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం కూడా ఉచితం మొదలుపెట్టింది. ఉన్నవాడికి అందే కంప్యూటరు లేనివాడికీ అందాలని, వీధి చివర మూతబడ్డ గ్రంథాలయంలో పాత కంప్యూటర్లు వరసగా పెట్టారు. వాటిలో వెల లేని సాఫ్ట్‌వేర్లు వేశారు. నేర్పడానికి అతని కూతుర్నే పెట్టారు. బట్టల కొలతలు గీసే సాఫ్ట్‌వేరూ అందులో ఉంది.

"దీని లోపలంతా తెరిచే ఉంటుంది నాన్నా," అంది కూతురు అన్నం దగ్గర. "ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ ఇవ్వొచ్చు."

"తాళం లేని ఇల్లన్నమాట. ఇంక దొంగలకి శ్రమ లేదు."

"కానీ అందులో ఉన్నవన్నీ తిన్నని ఒళ్లే. అమ్మ అట్టలు ఎక్కిస్తే..."

"మీ అమ్మని నమిలి ఊశారు ఈ వీధివాళ్లు. ఇప్పుడు అట్టలు కూడా పెడతావా?"

కూతురు కంచం తీసుకుని లేచింది. అంటే ఒప్పుకుందని కాదు. మొండితనంలో ఆమె తండ్రి కూతురే. పైగా తండ్రి తాళంచెవులు ఎక్కడ దాస్తాడో చిన్నప్పట్నుంచీ తెలిసిన పిల్ల.

కొన్నాళ్లకి పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఆవిడ కొట్టుకి వచ్చింది. ఆవిడ వెన్ను ఎడమపక్కకి వంగి ఉంటుంది. భార్య ఉన్నప్పుడు ఆమెని అక్కా అని, ఆ వరసన ఇతన్ని బావగారూ అని పిలిచేది. ఇప్పుడు "మాష్టారూ" అంది.

"ఈ కొత్త చొక్కా కాస్త చూస్తారా? పై అరలో ఉత్తరం పెట్టాలని చెయ్యెత్తితే పొట్ట మీద బొత్తాలు పట్‌మంటున్నాయి. ఆఫీసువాళ్లకి రోజూ వినోదం."

"ఎవడు కత్తిరించాడు ఇది?"

"కంప్యూటరు. కొలత మాత్రం అక్కదేనట. గీతల కింద అక్క పేరు కూడా వేసింది మీ అమ్మాయి."

టైలరు చొక్కా తిరగేశాడు. ఎడమ భుజం దగ్గర గుడ్డ గుంజుకుపోయి ముడతలు పడింది. బాగా అయింది అనుకున్నాడు మొదట. ఆ వెంటనే పేరు సంగతి గుర్తొచ్చింది. భార్య చేతిలోంచి వెళ్లిన ఏ గుడ్డా ఇలా ఏడవలేదు.

చొక్కా చంకలో పెట్టుకుని గ్రంథాలయానికి నడిచాడు. ఆవిడ వెనకే వచ్చింది. లోపల నేర్చుకుంటున్న ఆడవాళ్లు అతని మొహం చూసి పక్కకి జరిగారు. తెర మీద నీలం గీతల్లో భార్య కోసిన అట్ట, కింద ఆమె పేరు.

"అడగకుండా తీశావు."

"అడిగాను. నువ్వివ్వలేదు."

"అందుకని దొంగతనమా?"

"అవును, దొంగతనమే," అంది కూతురు.

"దొంగతనమైనా సరిగ్గా చేసి ఏడవాలి కదే! మీ అమ్మ పేరు పెట్టి ఇదా కుట్టించేది? తీసెయ్ ఆ పేరు."

"పేరు తీస్తే ఆమె కోసిందని ఎవరికీ తెలీదు. అట్టని గీతకి గీత దించాను నాన్నా. చుట్టూ కుట్టుకి అందరికీ వదిలేంత గుడ్డే వదిలాను. తప్పు అక్కడే జరిగింది. అమ్మ ఎంత వదిలేదో చెప్పు, సరిచేస్తాను."

 భార్య గుడ్డ మీద అట్ట పెట్టి సుద్దతో గీసి, చుట్టూ కొంత వదిలి కత్తిరించేది. అతను సుద్దగీత మీద మిషను నడిపేవాడు. గీత అవతల ఎంత ఉందో ఏనాడూ చూడలేదు. వచ్చినవాళ్లని పంపేసింది కోపం కొద్దీ మాత్రమే కాదు. ఆ అట్టలతో ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కోపమని వీధంతా అనుకుంది, అతనూ అనుకోనిచ్చాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"నా ఒంటి మీదున్నది అక్క కత్తిరించిందే," అంది పోస్టాఫీసావిడ. "విప్పి చూసుకోండి."

పక్క గదిలోకి వెళ్లి ఎవరిదో శాలువా కప్పుకుని, ఆ పాత చొక్కా తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను బ్లేడుతో కుట్టు విప్పాడు. కుడిపక్క ఒక వేలి వెడల్పు గుడ్డ ఉంది. ఎడమపక్క విప్పుతుంటే మడతలోంచి మడత వచ్చింది, ఎండ చూడని ముదురు రంగుతో. దాని మీద పాత కుట్ల చిల్లులు రెండు వరసలు.

"రెండుసార్లు వదులు చేసిపెట్టింది," అంది ఆవిడ. "నేను ఏటేటా ఇంకాస్త వంగుతానని అక్కకి తెలుసు. మూడోసారికి అక్క లేదు."

మూడోసారికి సరిపడా గుడ్డ ఇంకా ఉంది.

"ఆమె మంచంలో ఉన్నప్పుడు రాలేదేం?" అన్నాడు టైలరు ఉన్నట్టుండి.

"ఈ నడుముతో మూడంతస్తులా? మొదటి మలుపు దాకా వచ్చి కేకేశాను. మీరు తలుపేసుకున్నారు."

"ఏమో," అన్నాడు. క్షమించలేదు. గుడ్డ మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. మొదటి కుట్టు నుంచి అంచుదాకా మూడు వేళ్లు పెట్టి చూశాడు. గుడ్డ చాల్లేదు. ఆమె వేళ్లు సన్నవి. కూతురు తన మూడు వేళ్లు పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది.



"ఏం చూస్తావు? స్కేలు పెట్టి కొలువు. దానికి వేళ్లుంటాయా?" అన్నాడు కంప్యూటర్ని చూపిస్తూ. "వంగిన పక్కన ఇంత. కింద రాయి, ఎవరూ ఈ మిగులు గుడ్డని కత్తిరించకూడదని. ఒళ్లు మారుతుందని రాయి."

"పేరు?"

"ఉండనీ."

మర్నాడు రేకు పెట్టె గ్రంథాలయానికి వచ్చింది, తాళంతో సహా. టైలరు దాని మీదే కూర్చున్నాడు. తన భార్య కత్తిరించిన బట్ట ఎవరి దగ్గరున్నా తెచ్చి కుట్టు విప్పనివ్వాలని, అప్పుడే వాళ్ల అట్ట బయటికి తీస్తానని చెప్పాడు. తను గుమ్మంలోంచే పంపేసినవాళ్లందరికీ ఆ కబురు తనే వెళ్లి చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్కరి దగ్గరా నవ్వలేదు.

పోస్టాఫీసావిడ పొద్దున్నే వచ్చింది.

"నా పాత చొక్కా సాయంత్రానికి అవుతుందా బావగారూ?"

"బావెవరిక్కడ? రేపు రండి."