ఉర్కెన్ చూపించిన కొండలు

మూడో ముడి కూడా వేసి, తాడు కొసను వేలికి చుట్టి ఒకసారి గుంజి చూసుకున్నాడు ఉర్కెన్. బిగువుగానే ఉంది. వెదురు బుట్టలో అతిథి సంచి, దానిమీద వానపట్టా, పక్కన నీళ్ల సీసా. అన్నిటినీ చేత్తో తడిమి చూసుకున్నాక గొంతుక్కూర్చుని, బుట్ట పట్టీని నొసటికి తగిలించుకుని, ఊతకర్ర నేలకు ఆనించి లేచాడు. మోకాళ్లు ఒకదాని తరవాత ఒకటి కలుక్కుమన్నాయి. ముప్పై నాలుగేళ్ల ఒరిపిడికి అతని నుదుటి మీద అడ్డంగా ఒక గాడి పడింది. పట్టీ దానంతటదే వెళ్లి అందులో కూర్చుంటుంది.

"దాజూ, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. లైటు వెయ్యమంటారా?" అన్నాడు నిర్మాల్య బాబు. ఆయన కలకత్తాలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి ఈమధ్యనే రిటైరయ్యాడు. మూడు రోజులుగా ఉర్కెన్ను దాజూ, అంటే అన్నా, అని పిలుస్తూ అతని వెనకాలే నడుస్తున్నాడు.

"మీకు కావాలంటే వేస్కోండి బాబూ. నాకెందుకు."

ఆ మాటలో గొప్పేమీ లేదు. లైటు వేసినా వేయకపోయినా ఉర్కెన్‌కు పెద్ద తేడా ఉండదు. ముందు పక్కచూపు పోయింది. ఇప్పుడు ఎదుటి చూపు కూడా పొగపట్టిన వంటింట్లోంచి చూస్తున్నట్టే ఉంది. రెండేళ్ల కిందట ఒక్కడే ఆస్పత్రికి వెళ్లాడు. కంటి నరం ఎండిపోతోంది, మందు వేస్తే పోవడం కాస్త ఆలస్యమవుతుంది తప్ప పోయింది తిరిగి రాదు, అని చెప్పాడు డాక్టరు. ఆ చుక్కల సీసాను టోపీ అస్తరులో దాచుకుని ఇంటికొచ్చాడు. పెళ్లాం పాల్మోకు కూడా చెప్పలేదు.

పాల్మోకు చెప్పాలా ఏమిటి. ఆవిడ టోపీ ఉతికే మనిషి. సీసాను చూసి, మళ్లీ అస్తరులోనే పెట్టి కుట్టేసింది. ఈసారి అతను బయల్దేరే రోజున మాత్రం పొయ్యి పక్కన కొత్త కుండకు మూత బిగించి, చుట్టూ కంబళి కప్పుతూ కనిపించింది. లోపల పులియబెట్టిన బార్లీ.

"ఎవరికోసం?" అన్నాడు.

"నువ్వొచ్చేసరికి తయారవుద్ది," అంది. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

షెర్పాల్లో ఎవరైనా ఎవరినైనా కాదనలేని కోరిక కోరాలంటే ఛాంగ్ అనే బార్లీ కల్లును చెక్క సీసాలో పోసి, మూతి చుట్టూ మూడు చోట్ల వెన్న అద్ది, ఇంకో పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళతారు. ఒక్క గుక్క తాగాడంటే ఒప్పుకున్నట్టే. పిల్లనడగాలన్నా, పొలంగట్టు తగువు తీర్చుకోవాలన్నా ఆ సీసానే. కట్టుకున్న మొగుడి ముందు ఆ సీసా పెట్టిన ఆడదాన్ని ఉర్కెన్ ఇంతవరకూ చూడలేదు. పాల్మో అడగబోయేదేమిటో తెలుసు. నడక మానెయ్యమంటుంది. తాగకూడదని మూడు రోజులుగా ప్రతి మలుపులోనూ అనుకుంటూనే ఉన్నాడు.

షెర్పా అనగానే మంచు శిఖరం మీద జెండా పట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకుంటారు లోకులు. ఉర్కెన్ జన్మలో మంచు కొండ ఎక్కలేదు. ఇరవై ఏడో ఏట అన్నతో కలిసి పెద్దకొండ కింది గుడారాల్లో వంటపనికి వెళ్లాడు. పదిహేను రోజులు తిన్నదంతా కక్కుకున్నాడు. నీకీ ఎత్తు పడదు పొమ్మని దింపేశారు. అప్పట్నుంచీ ఈ చిన్న దారే అతని దారి. పీకే కొండ ఎక్కడం, అవతలికి దిగి తన ఊరు జున్‌బెసీ చేరడం. ఊళ్లో దీన్ని మేకల దారి అని వెక్కిరిస్తారు. ప్రతి ఇంటి గోడ మీదా ఎవరో ఒకరు శిఖరం మీద నవ్వుతున్న ఫొటో ఉంటుంది. ఉర్కెన్ ఇంటి గోడకు క్యాలెండరు ఉంది.

కానీ ఆ మేకల దారి అతని అరికాళ్లకు కంఠతా వచ్చు. రాళ్లకుప్ప దాకా నూట నలభై అడుగులు. అక్కణ్నుంచి కుడికి తిరిగితే గుల్ల మట్టి, తరవాత పొట్టి దేవదారు పొదలు, వాటి ఘాటు వాసన. ఆపైన గాలి ఎడమ చెంపను కొట్టడం మొదలుపెడుతుంది. ఊతకర్ర మొన రాయిని తాకితే ఒక చప్పుడు, గడ్డిని తాకితే ఒక చప్పుడు. ఎక్కుతూ ఎక్కుతూ రెండు చోట్ల బుట్టను కర్ర మీదికి వాల్చి నిలబడి ఊపిరి తీసుకున్నాడు. పోయినేడాది ఒకసారే ఆగేవాడు.

పైకి చేరేసరికి ఎండ ముఖానికి తగిలింది. గాలి పొడిగా ఉంది. జెండా గుడ్డలు పటపటా కొట్టుకుంటున్నాయి. బుట్ట దించి, జేబులోంచి దేవదారు ఆకు తీసి రాళ్ల మధ్య పొగ వేశాడు. తరవాత జెండా కర్రకు వీపు ఆనించి ఉత్తరానికి తిరిగాడు. ఇక్కడికొస్తే ఎప్పుడూ అలాగే నిలబడతాడు. ఎదురుగా ఆకాశం అడుగున తెల్లటి తెలుపు. ఈ రెండేళ్లలో అతనికి అక్కడ కనిపించేది అదొక్కటే. కొండలు తెల్లగా కాక ఎలా ఉంటాయి.

"ఇటు చూడండి బాబూ." చెయ్యి ఎడమకు చాచాడు. "అదిగో, ఆ రెండు కొమ్ములదే గౌరీశంకర్. కాస్త ఇవతలికొస్తే నుంబూర్. మా సోలూ లోయ వాళ్లందరికీ దేవుడది. దానికి దణ్ణం పెట్టకుండా మా ఇళ్లల్లో విత్తనం చల్లరు." చెయ్యి మెల్లగా కుడికి జరిపాడు. వేలు ఎక్కడాగాలో అక్కడే ఆగింది. "ఆ వెనక నల్లటి ముక్కు కనబడతందా, అదే జోమోలుంగ్మా. మీరు ఎవరెస్టంటారు. మా అన్న రెండుసార్లు ఎక్కాడు. ఇంకా కుడికి మకాలూ. ఆ చిట్టచివర మీ బెంగాల్ వైపుది, కాంచన్‌జంగా."

పేరు చెప్పినప్పుడల్లా నిర్మాల్య బాబు చేతిలో కెమెరా టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటుంటే ఉర్కెన్‌కు గుండె నిండినట్టయింది. ఇంకా నాలుగేళ్లు ఈ పని చెయ్యగలననిపించింది. పాల్మో పెట్టే సీసా ముట్టుకోకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాడు.

దిగువన కనుమలో కింజోమ్ టీ కొట్టు ఉంది. మొగుడు పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. నోటికి తాళం లేని మనిషి. ఇద్దరికీ ఉప్పు వేసిన వెన్న టీ పోసి, ఉర్కెన్ గిన్నెను అతని చేతికే అందించి వేళ్లు దాని చుట్టూ బిగుసుకునేదాకా వదల్లేదు.

"ఏమన్నా, ఆ కర్ర నీకన్నా ముసలిదైపోయింది. దాన్నైనా ఇంట్లో కూర్చోబెట్టు," అంది. ఆ తరవాత అతిథి వైపు తిరిగింది. "పాపం ఇంత దూరం వచ్చారు బాబూ, ఏం లాభం. కోడి కూసినప్పట్నించీ ఉత్తరం వైపంతా మబ్బు గోడ కట్టేసింది. ఒక్క కొండా కనబడి చావలేదు. రేపు తెరిపిస్తదేమో, ఇక్కడే ఉండిపోండి."

ఉర్కెన్ చేతిలో గిన్నె నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"లేదమ్మా, చూశాం. దాజు అన్నీ చూపించారు," అన్నాడు నిర్మాల్య బాబు.

కింజోమ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయి, కెటిల్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ మాట మింగడం ఆ కనుమలో ఎవరూ ఎరగరు. ఉర్కెన్ టీ తాగాడు. అది చల్లారిపోయింది. సిగ్గు అంటే ఏమిటో అరవై ఒకటో ఏట కొత్తగా తెలిసినట్టు, చెవులు వేడెక్కిపోయాయి.

దిగుడు దారంతా నీరసంగా నడిచాడు. బరువు అదే, దారి అదే. ఒళ్లే వేరే ఎవరిదోలా ఉంది. అడవి మొదలైంది.

"ఫొటోలెందుకు తీశారు బాబూ?" అని అడిగాడు చివరికి, వెనక్కి తిరక్కుండానే.

"మీరు చూపించారు కదా."

"తెల్లగోడని తీశారు."

"మొదటిరోజు సాయంత్రమే నాకు తెలిసింది దాజూ. మీరు నా వైపు చూడకుండా నాకు అన్నం గిన్నె ఇచ్చారు. కానీ దారిలో మీ అడుగు ఒక్కసారి కూడా తప్పలేదు. మీరు చూపించిన చోట కొండలు లేకుండా ఎక్కడికి పోతాయి."

ఆ మాటకు ఉర్కెన్‌కు ఏడుపొచ్చింది. పట్టీ కింద చెమట తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు. ఈయన మంచివాడు కనక నోరు మూసుకున్నాడు. ఆ మొదటి రోజే తెలిసి కూడా తన వెనకాల లోయ అంచున నడిచాడు. రేపు వచ్చేవాడికి తెలియకపోతేనో. పోయిన వసంతంలో దుంగ వంతెన మీద కాలు జారి బుట్ట వాగులో పడిపోయినప్పుడు అతిథి రెండడుగుల వెనకే ఉన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పాల్మోకు అదీ తెలిసే ఉంటుంది.

ఊరి మొగలో మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ వచ్చింది. గోడను కుడిచేతి వైపు ఉంచుకుని, అక్షరాల మీద వేళ్లు రాసుకుంటూ నడిచాడు. పదకొండో రాయి తండ్రి పేరున చెక్కించినది. అక్కడ వేళ్లు ఒక క్షణం ఆగాయి.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. గుమ్మం పక్క బండకు చిన్న గుంట ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఊతకర్ర అందులోనే నిలబెడతాడు. ఆ నిలబెట్టడానికే పడిన గుంట అది. ఇవాళా అందులోనే నిలబెట్టి లోపలికి వెళ్లాడు. పొయ్యి దగ్గర బావమరిది గ్యూర్మే ఉన్నాడు. కొత్త చొక్కా వాసన వస్తోంది. అంటే పెద్దమనిషి వేషంలో వచ్చాడు.

"దా బావా, కూర్చో. అలిసిపోయావు," అన్నాడు గ్యూర్మే. గొంతు సవరించుకున్నాడు. అడగడం అతనికి చేతకాని పని.

పాల్మో ఎదురుగా వచ్చి కూర్చుంది. చెక్క సీసా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఉర్కెన్ చెయ్యి చాచి సీసా మూతిని తడిమాడు. మూడు చోట్ల వెన్న చల్లగా వేలికి అంటింది.

"ఏమయ్యా, నేనొకటి అడగాలి," అంది పాల్మో. "ముందు వింటావా, తాగుతావా?"

"గిన్నెలో పొయ్యి."

"అడగకుండానే?"

"నువ్వడిగితే నేను నా నోటితో ఒప్పుకోవాలి. పొయ్యి."

ఆవిడ గిన్నె నింపింది. అతను తాగాడు. వాళ్ల పద్ధతి ప్రకారం మూడుసార్లు నింపించుకుని మూడుసార్లూ తాగాడు. పాల్మో నడుముకు కట్టుకున్న గుడ్డతో ముక్కు తుడుచుకుంది. "బాగా పులిసిందా?" అంది. "బాగానే పులిసింది," అన్నాడు. గ్యూర్మే ఊపిరి వదిలి, రేపు బాబుగారిని ఫాప్లూ ఊరి దాకా తానే తీసుకెళతానన్నాడు. గుమ్మం దగ్గర కూర్చున్న నిర్మాల్య బాబు తల ఊపాడు.

మర్నాడు పొద్దున గ్యూర్మే బుట్ట ఎత్తుకున్నాడు. నిర్మాల్య బాబు ఉర్కెన్ చేతులు రెండూ పట్టుకుని, ఫొటోలు పంపిస్తానన్నాడు. "పంపండి. క్యాలెండరు పక్కన గోడ ఖాళీగానే ఉంది," అన్నాడు ఉర్కెన్. వాగు దాటాక ఎడమ దారే పట్టమని, మూడో మలుపులో రాయి కదులుతుందని బావమరిదికి రెండుసార్లు చెప్పాడు. వాళ్ల అడుగుల చప్పుడు రాళ్ల గోడ దాకా వినబడింది. ఆ తరవాత వినబడలేదు. అతను లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

బయట బండ గుంటలో ఊతకర్ర అలాగే నిలబడి ఉంది. దాని మొనకు అంటుకున్న పీకే మట్టి ఎండి, సగం రాలింది.