అంచులో మడిచిన గుడ్డ

మా వీధి చివర బట్టలు కుట్టే అక్కకు మాట తక్కువ, చాదస్తం ఎక్కువ. పిల్లల గౌను అడుగున నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడుతుంది. పిల్ల ఎదిగితే ఆ అంచు విప్పి దించుతుంది. దించిన ప్రతిసారీ తారీఖు, పిల్ల ఎత్తు పుస్తకంలో రాసుకుంటుంది. గౌనుకి జాతకం రాస్తోందని నేనే ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!

మా అమ్మాయి బుడంకాయకు ఏడేళ్లు. బడి గౌను మూడోసారి దించమని తీసుకెళ్లాను.

"క్లాసులో అందరికంటే పొడుగు ఇదే అక్కా! అచ్చం నా పోలిక" అని మురిసిపోయాను.

అక్క పిల్లను బొత్తాల డబ్బా దగ్గర కూర్చోబెట్టి, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "రెండేళ్లకు సరిపోవాల్సిన అంచు ఏడు నెలల్లో అయిపోయిందమ్మా. నుదుటి మీద మొటిమలు కూడా వస్తున్నాయి. ఒకసారి డాక్టరుకి చూపించు."

నాకు ఒళ్లు మండింది. "కుట్టమంటే కుట్టు. లేనిపోని రోగాలు అంటగట్టకు!" అని గౌను లాక్కుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక బుడంకాయ బిక్కమొహం వేసింది. "అమ్మా, నా దగ్గర చెమట వాసన వస్తోందా? పక్కమ్మాయి దూరం జరిగి కూర్చుంటోంది."

రోజూ స్నానం చేయించే నాకు ఆ వాసన తెలియదా? తెలుసు. ఎండలని సరిపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా అక్క. కొలతలన్నీ ఒక కాగితం మీద ఎక్కించి తెచ్చింది. "డాక్టరు అడుగుతారు, దగ్గరుంచుకో" అంది. నా మాటల ఊసే ఎత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ పిల్ల చేతికి ఎక్స్‌రే తీయించింది. రక్తపరీక్ష కూడా చేయించింది. ఎముకల వయసు పదకొండట! "పెద్దమనిషి అయ్యే మార్పులు చాలా ముందే మొదలయ్యాయి. ఇలాగే వదిలేస్తే ఎదుగుదల తొందరగా ఆగిపోతుంది. ఇవాళ పొడుగ్గా ఉన్న పిల్ల రేపు అందరికంటే పొట్టిగా మిగిలేది. సమయానికి తెచ్చారు" అంది. కాగితాన్ని రెండుసార్లు చదివింది. "ఇంత చక్కగా రాసిందెవరు?"

"మా అక్క" అన్నాను.

ఆ మార్పులను ఆపే ఇంజెక్షన్లు మొదలైనప్పుడు అక్క కొత్త గౌను కుట్టింది; ఎనిమిది నెలలకు అది పట్టుకుని మళ్లీ అక్క దగ్గరికి వెళ్లాం. అక్క ఎత్తు కొలిచింది, పుస్తకం తిరగేసింది, గౌను మడిచి నా చేతిలో పెట్టింది.

"ఈసారి దించక్కర్లేదమ్మా."

అంత చల్లటి మాట నా జన్మలో వినలేదు. అక్క చేతులు పట్టుకుని భోరుమన్నాను.

"చాల్లే ఊరుకో! నీకంటే బుడంకాయే నయం" అని కసిరి అక్క తన కళ్లు తుడుచుకుంది. బుడంకాయ మిషన్ కింద దూరి బొత్తాలతో రైలుబండి చేస్తోంది.